నా వంతు కిలోలు

న్యూజిలాండ్ వీసా వచ్చిన మర్నాడు మా ఆయన భోజనాల బల్ల మీద ఫోను పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఏ విమానానికి టికెట్ తీయమంటావని అడిగారు. నాకు కాస్త కోపం వచ్చింది. ఎన్ని విమానాలు ఎక్కానో నాకే లెక్క తెలియదు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, మలేషియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్. ముద్రలతో నిండిపోయిన పాత పాస్‌పోర్టులు బీరువాలో చీరల అడుగున ఇంకా ఉన్నాయి. కానీ, ఏ విమానంలో వెళ్తావమ్మా అని నన్ను అడిగిన నాథుడు మాత్రం ఆ రోజుదాకా ఒక్కడూ లేడు.

నేను గ్రూప్ డాన్సర్ని. ఇప్పుడు కాదు, ఒకప్పుడు. హీరో హీరోయిన్ మంచుకొండల ముందు పాడుకుంటుంటే, వాళ్ల వెనకాల ఒకే రంగు పావడాలు కట్టుకుని ఒకేలా చేతులూపే పిల్లలుంటారు చూడండి, వాళ్లలో రెండో వరసలో ఎడమ చివర నుంచి రెండో అమ్మాయిని. మీరు నన్ను తప్పకుండా చూసే ఉంటారు. చూశామని మాత్రం మీకు తెలియదు. దాని గురించి నాకు బాధేమీ లేదు. కొంచెం ఉంది, అంతే.

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నాం. సినిమాల్లో పని తగ్గిపోయాక జూబ్లీ హిల్స్ ఇళ్లల్లో పెళ్లిళ్లకు సంగీత్ డాన్సులు నేర్పుతున్నాను. డ్రైవరు కారేసుకొచ్చి తీసుకెళ్తాడు, మళ్లీ దింపుతాడు. మోకాలి చిప్ప అరిగిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి కుర్చీలో కూర్చునే నేర్పుతున్నాను. పెళ్లికూతురి మేనత్తలు, పిన్నులు అంతా నా చేతుల వంక చూస్తూ కాళ్లు వేస్తారు. ఎవరి కాలు ఎటు పోతోందో ఆ పైవాడికే తెలియాలి.

విమానం సంగతి చెప్తున్నాను కదా. మా రోజుల్లో విమానాన్ని ఎంచేవాడు ప్రొడక్షన్ మేనేజరు. ఆయన ట్రావెల్స్ వాడిని అడిగే ప్రశ్న ఒక్కటే, మనిషికి ఎన్ని కిలోలు ఇస్తారు అని. ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, మధ్యలో తిండి పెడతారా, ఇవేవీ ఆయనకు పట్టవు. విదేశంలో పాట తీయాలంటే ఎంత సామాను పోవాలో ఆలోచించండి. హీరోహీరోయిన్ల దుస్తులు, మా దుస్తులు, మేకప్ పెట్టెలు, పాట వినిపించే మిషను, వంటమాస్టరు సన్నబియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ డబ్బాలు. అదంతా విడిగా తూకం వేసి పంపిస్తే నిర్మాత గుండె ఆగిపోతుంది. అందుకని మా టికెట్ల మీద వచ్చే కిలోలన్నీ ప్రొడక్షన్‌వే. నా పేరు మీద వెళ్లే పెట్టెలో నావంటూ ఉండేవి ఓ రెండు జతల లోబట్టలు, పళ్ల పొడి, దువ్వెన. మిగిలిందంతా కందిపప్పు.

డాన్సర్లు కిలోల కోసమే పుట్టారని మేనేజరు గట్టిగా నమ్మేవాడు. ఒకసారి మాలో ఒకమ్మాయికి జ్వరమొచ్చి రాలేనంటే, అయ్యో పాపం ఎలా ఉంది అనలేదు. ఆమె ఇరవై కిలోలు పోయాయని నెత్తి కొట్టుకున్నాడు. ఇక నిర్మాతల సెంటిమెంట్లు సరేసరి. ఒకాయన ముందు సినిమాకు ఏదో విమానంలో యూనిట్‌ని పంపాడు, సినిమా పోయింది. కథలో దమ్ము లేక పోయిందని ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆయన మాత్రం ఆ విమానం అచ్చిరాలేదని తేల్చేశాడు. తర్వాత ఆయన సినిమాలన్నిటికీ మేం మూడుచోట్ల దిగి ఎక్కుతూ చుట్టూ తిరిగి వెళ్లాం. అవీ పోయాయి, అది వేరే సంగతి.

మా సొంత బట్టలు ఎలా తీసుకెళ్లేవాళ్లమో చెప్తే మీరు నమ్మరు. ఒంటి మీదే. మే నెల ఎండలో బేగంపేట విమానాశ్రయానికి ఒకదాని మీద ఒకటి రెండు చుడీదార్లు, వాటిమీద స్వెట్టరు, మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చేవాళ్లం. కృష్ణానగర్ గల్లీల్లోంచి ఆటోల్లో ఆ వేషాలతో బయల్దేరితే టీ బండి దగ్గర కుర్రకారు ఈలలు వేసేవాళ్లు. చెమట వీపు మీద కాలవ కట్టేది. లోపల చల్లగా ఉంటుంది, కాస్త ఓర్చుకో అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ స్వెట్టరు వేసుకున్నప్పుడు ఒంట్లో పుట్టే హుషారు మళ్లీ దేనికీ రాలేదు.

మా ఆయన అప్పుడు ఆ మేనేజరు కింద ప్రొడక్షన్ అసిస్టెంటు. ఎప్పుడూ విమానం ఎక్కలేదు. మమ్మల్ని ఎక్కించి వెనక్కి తిరిగి రావడమే ఆయన పని. ఫిల్మ్ నగర్ ఆఫీసు వరండాలో దూలానికి కాటా వేలాడదీసి, మా పెట్టెలు ఒక్కొక్కటే తగిలించి తూచేవారు. ముల్లు గీత దాటితే ఒప్పుకునేవారు కాదు. నేను తెగ తిట్టుకునేదాన్ని, ఈ తూకాల మనిషికి పెళ్లామయ్యే దౌర్భాగ్యురాలు ఎవరో అని. పెళ్లయ్యాక గాని తెలియలేదు, ప్రతిసారీ నా పెట్టెలోంచి ఒక కందిపప్పు పొట్లం తీసేసి, మేనేజరు సొంత పెట్టెలో పెట్టేసేవారట. అందుకే నాకు ఒక చీరా, ఒక జత చెప్పులూ ఎక్కువ పట్టేవి. మేనేజరు పెట్టె ఎప్పుడూ బరువెందుకు తూగుతుందో ఆయనకు రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. పెళ్లికి ముందు మగవాళ్లు పూలు ఇస్తారంటారు. నాకు పప్పు తీసేశారు.

ఇక నా స్నేహితురాలి సంగతి. నేను తెనాలి వైపు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకున్నదాన్ని. అది యూసఫ్‌గూడలోనే పుట్టి పెరిగింది. వరసలో నాకు కుడిపక్క నిలబడేది. నాకొక చెడ్డ అలవాటు ఉండేది, ఒకటి, రెండు, మూడు, నాలుగని లెక్కపెట్టుకుంటూ స్టెప్పు వేస్తుంటే నాలుగో లెక్కకు ఎప్పుడూ తొందరపడి ముందుకు జరిగేదాన్ని. అప్పుడు అది మోచేత్తో నా డొక్కలో పొడిచేది. కెమెరాకు కనపడకుండా, నవ్వు చెదరకుండా పొడవడం దానికే చేతనవును. డాన్సు మాస్టారు చేత తిట్లు తినకుండా అన్నేళ్లు నెట్టుకొచ్చానంటే ఆ మోచేతి చలవే.

విమానం ఎక్కడెక్కడో ఆగేది కదా, ఆ ఆగిన గంటలే నాకు మిగిలాయి. హీరో బృందం వేరే హాల్లోకి వెళ్లిపోయేది. మేము తివాచీ మీద ఒక మూల చూసుకుని కూలబడేవాళ్లం. అది నా కాళ్లు తన ఒళ్లోకి లాక్కుని పిక్కలు పిసికేది. తర్వాత తన కాళ్లు నా ఒళ్లో పెట్టేది. ఒకసారి ఏ ఊరో గుర్తులేదు, వంటమాస్టరు చేతిసంచీలోంచి రైస్ కుక్కర్ తీసి గోడకున్న ప్లగ్గులో పెట్టేశాడు. అన్నం ఉడికి ఆవిరి చిమ్మేసరికి యూనిఫాంలో ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకు మాది రాదు. నా స్నేహితురాలు లేచి నిలబడి, ఒక ముద్ద అన్నంలో ఆవకాయ కలిపి, కాగితం ప్లేటులో ఆయన చేతికిచ్చింది. ఆయన తిన్నాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. మళ్లీ ప్లేటు చాపాడు. ఆ రోజు ఎంతమందిమి ఎంతగా నవ్వామో, పొట్టలు పట్టుకుని తివాచీ మీద దొర్లాం.

న్యూజిలాండ్‌లో ఒక పాట షూటింగ్‌లో మా వంటమాస్టరుకు కాలు బెణికింది. యూనిట్‌కంతా అన్నం పెట్టే పని ఆక్లండ్‌లో హోటలు నడుపుకునే ఒకాయన మీద పడింది. నిజామాబాద్ వైపు మనిషి. మేమంతా అన్నం తిని వచ్చేశాం. నా స్నేహితురాలు మాత్రం ఏడాది తిరక్కుండా ఆయన్ని పెళ్లి చేసుకుని అక్కడికే వెళ్లిపోయింది. ఆ తర్వాత వరసలో నా కుడిపక్క ఎవరెవరో నిలబడ్డారు. వాళ్లతో నాకు పేచీ ఏమీ లేదు. నాలుగో లెక్క మాత్రం ప్రతిసారీ నేనే చూసుకోవాల్సి వచ్చింది.

ఫోన్లు ఉండేవి. అక్కడ శనివారాలు ఒక హాలు అద్దెకు తీసుకుని మన పిల్లలకు డాన్సు నేర్పుతోంది. ఆ మధ్య రెండుసార్లు రమ్మని పిలిచింది. ఊకెనే రావే, పది దినాలు ఉండి పో అంది. నేను వెళ్లలేదు. ఒకసారి మోకాలని, ఒకసారి పెళ్లిళ్ల సీజనని చెప్పాను. అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి వేరు. మా ఫీల్డులో పుట్టి పెరిగినవాళ్లకే అది తెలుస్తుంది. కాల్ లేకుండా మేం సెట్‌కు వెళ్లం. రేపు ఫలానా చోటికి, ఫలానా టైముకు రమ్మని కబురు వస్తేనే వెళ్లాలి. కబురు లేకుండా వెళ్లామంటే పని అడుక్కోవడానికి వచ్చారనో, తేరగా భోజనం చేయడానికి వచ్చారనో అనుకుంటారు. పక్క ఫ్లోర్‌లో మనవాళ్లే షూటింగ్ చేస్తున్నా, గేటు దగ్గర నిలబడి పలకరించి వచ్చేస్తాం గాని లోపలికి అడుగుపెట్టం. ఇరవై ఏళ్లు అలా బతికిన మనిషిని ఊరికే రా అంటే ఎలా వస్తుంది? వెళ్లి ఏం చేయాలి? ఇంకొకరింట్లో పనీపాటా లేకుండా కూర్చుని తింటే నాకు ముద్ద దిగదు.

మూడోసారి ఫోను చేసినప్పుడు దాని గొంతే వేరుగా ఉంది. డాన్సు బడి వార్షికోత్సవం పెట్టుకున్నామని, పిల్లలందరికీ అద్దాల లంగాలు, ఓణీలు కావాలని, అవి కృష్ణానగర్‌లో తప్ప ఇంకెక్కడా అలా కుట్టరని చెప్పింది. కొరియర్‌లో పంపితే ఎప్పుడొస్తాయో నమ్మకం లేదట. నువ్వే కుట్టించి, నువ్వే పట్టుకుని రావాలంది. నేను మరుక్షణం ఒప్పుకున్నాను. మోకాలు గుర్తు రాలేదు, పెళ్లిళ్ల సీజను గుర్తు రాలేదు. కాల్ వచ్చింది కదా.

ఆ సాయంత్రమే ఆటో ఎక్కి కృష్ణానగర్ వెళ్లాను. మాకు దుస్తులు కుట్టిన పాత టైలరు ఇప్పటికీ అదే సందులో ఉన్నాడు. కుట్టు మిషన్లు మోటారువి వచ్చాయి, గోడ మీద దేవుళ్లు మాత్రం పాతవాళ్లే. సందంతా కొత్త మొహాలు. సన్నటి పిల్లలు, చెవుల్లో ఫోను పాటలు పెట్టుకుని, గది తలుపుల ముందు స్టెప్పులు వేసుకుంటున్నారు. ఒకమ్మాయి నాలుగో లెక్కకు ముందుకు జరిగింది. ఆగి చెబుదామనుకుని, నాకెందుకులే అని నడిచాను. టైలరు కొలతలు అడిగాడు. నా స్నేహితురాలు పంపిస్తానంది, రేపు ఇస్తానని చెప్పాను. అద్దాల లంగా ఒక్కొక్కటి ఎంత బరువుంటుందో చేతుల్లోకి తీసుకుని చూసుకున్నాను. చేతులకు ఇంకా గుర్తుంది.

కొలతలు మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అడిగితే, పిల్లల తల్లులు ఇవ్వలేదంటుంది, మరచిపోయానంటుంది, రేపు పక్కా అంటుంది. ఇలా వారాలు గడిచి, ఈలోగా వీసా కూడా వచ్చింది. మా ఆయన ఫోను పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆయన చూపించినవి రెండు. ఒకటి గల్ఫ్ మీదుగా వెళ్లేది. తూర్పుకు పోవాల్సిన మనిషి ముందు పడమటికి పోయి, అక్కడ మారి, ఆ తర్వాత ఆక్లండ్ దాకా పగలూ రాత్రీ తేడా తెలియకుండా ఏకబిగిన కూర్చోవాలి. కానీ రెండు పెద్ద పెట్టెలు తీసుకుపోవచ్చు. రెండోది సింగపూర్ మీదుగా. ప్రయాణం తక్కువ, మధ్యలో దిగి కాళ్లు ఆడించుకోవచ్చు, కాలు బారజాపుకునే ముందువరస సీటు కూడా దొరుకుతోంది. అయితే ఆ టికెట్‌కు ఒకే పెట్టె. అందులో నా చీరలు, మందులు, దానికి తీసుకెళ్లే పచ్చడి సీసాలు పోను, అద్దాల లంగాలు నాలుగు కూడా పట్టవు.

గల్ఫ్‌దే తీయమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మోకాలు మడుచుకుని అన్ని గంటలు కూర్చోకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. దిగాక నడవలేకపోతే ఎవరు దిక్కంటారాయన. ఎన్నిసార్లు వెళ్లలేదు, ఏమైంది అంటాను నేను. అప్పుడు నీ వయసెంత అంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టుంది నా పని. మోకాలు చూసుకుంటే లంగాలు రావు, లంగాలు చూసుకుంటే మోకాలు రాదు. కాటా పట్టుకుని గీత దాటనివ్వని మనిషే ఇప్పుడు, బరువు సంగతి వదిలేయవే అని బతిమాలుతున్నారు. నేనేమో ఆ మేనేజరులాగా, ఎన్ని కిలోలు ఇస్తారో చెప్పండి అని ఆ ఒక్క ముక్కే పట్టుకుని వేలాడుతున్నాను.

మూడో రోజు ఆయన ఓపిక అయిపోయింది. ఫోను బల్ల మీద బోర్లించి, మెల్లగా అడిగారు.

"ఒక్క మాట చెప్పు. ఆవిడకి కావాల్సింది నువ్వా, నీ కిలోలా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఇంతెత్తున లేచాను. నా స్నేహితురాలిని అంతమాట అంటారా అన్నాను. అది నా పిక్కలు పిసికిన రోజులు మీకేం తెలుసన్నాను. వంటింట్లోకి పోయి గిన్నెలు అవసరం లేకపోయినా తోమాను. కోపం ఆయన మీద కాదు. ఆ ప్రశ్న నాలో ముందునుంచే ఉంది. ఇన్నేళ్లలో నన్ను పిలిచినవాళ్లు అందరూ నా టికెట్ వెనక ఉన్న కిలోలను చూసే పిలిచారు. దాన్ని నేను తప్పు పట్టలేదు, అది పని. కానీ ఆ తివాచీ మీద నా పక్కన పడుకున్న మనిషి కూడా అలాగే పిలిస్తే? ఊరికే రమ్మన్నప్పుడు నేను వెళ్లలేదు గనక ఇక నా అవసరం తీరిపోయి, లంగాల అవసరం మాత్రం మిగిలిందేమో. ఆ రాత్రి మోకాలి కంటే ఆ అనుమానమే ఎక్కువ సలిపింది.

పొద్దున్నే నిర్ణయించుకున్నాను. కాలు చాపుకునే సీటు తీసుకుంటాను, లంగాలు తేలేనని దానికి చెప్పేస్తాను. అప్పుడు గొంతు ఎలా మారుతుందో చూస్తాను. అయితే ఇంకోసారి రా అంటుందా, సరే నీ ఇష్టం అంటుందా. ఒక మనిషిని అలా పరీక్ష పెట్టడం మంచి పని కాదు. అయినా తెలుసుకోకుండా ఆ విమానం ఎక్కలేనని అనిపించింది. ఎక్కితే దారి పొడుగునా ఆ ఒక్క అనుమానమే నా ఒళ్లో కూర్చుంటుంది.

ఫోను చేసేసరికి అక్కడ సాయంకాలం. కూరగాయలు తరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కుశలప్రశ్నలు అయ్యాయి. వాళ్లాయనకు బీపీ ఎలా ఉందో, మాకు నీళ్లు వస్తున్నాయో లేదో, అన్నీ అయ్యాయి. అప్పుడు చెప్పేశాను, మోకాలి కోసం సింగపూర్ మీదుగా వస్తున్నానని, ఒక్క పెట్టే ఇస్తున్నారని, లంగాలు తేవడం నా వల్ల కాదని. కత్తి చప్పుడు ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయిపోయింది, అనుకున్నాను.

"తేకపోతె ఏమైతది," అంది. "గా బట్టలు ఎవ్వరికీ అక్కర్లేదే. పిల్లలకు పోయినేడాదివే ఉన్నయి, మంచిగనే ఉన్నయి."

మరి నన్నెందుకు కృష్ణానగర్ చుట్టూ తిప్పావే అని అడిగాను.

"రెండుసార్లు ఊకె రమ్మంటె వచ్చినవా? పని ఉందంటె గని నువ్ కదలవ్. నాకెరుక లేదా నీ సంగతి. అందుకే పని చెప్పిన."

కొలతలు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఎవరి కొలతలని పంపుతుంది పాపం. నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ఇన్ని రోజులు నేను దాన్ని అనుమానిస్తుంటే, అది నా బిగువును కనిపెట్టి, దానికి తగ్గట్టు ఒక కాల్ తయారుచేసి పంపింది. మరి అక్కడికొచ్చి నేనేం చేయాలే అన్నాను. సిగ్గులేని ప్రశ్న. కానీ నాకు నిజంగానే తెలియదు.

"ఏం చెయ్యకు. తిను, పండుకో," అంది. మళ్లీ కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. "మోకాలు గుంజుతుందని రెండేండ్ల కింద చెప్పినవ్ యాదికుందా? గప్పుడే కింది రూముల సామాన్లన్ని పైకి పంపిచ్చి, నీకు మంచం ఏపిచ్చిన. మెట్లెక్కే పని లేదు. గప్పటి సంది ఆ మంచం మీద ఎవ్వర్నీ పండనియ్యలె."

తర్వాత అది ఇంకా ఏవేవో మాట్లాడింది, చలి ఎక్కువుంటుందని, శాలువా తెచ్చుకోమని. నేను ఊ కొడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను. ఏడుస్తున్నావానే అని అడిగితే, జలుబన్నాను. నమ్మలేదు. ఫోను పెట్టేసి చూస్తే మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. సింగపూర్‌దే తీయండి అన్నాను. వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు చేరేలా చూడనా అని అడిగారు. వద్దు, ఎంత తొందరగా సీటు దొరికితే అంత తొందరగా తీయమన్నాను.